మరచెంబులో మూసీ

పంజాగుట్ట గొప్పతనమంతా దాని పేరు చివర ఉందనేది మా నానమ్మ. ఆ చివర ఉన్నది ‘గుట్ట’. ఇల్లు ఇరుకని బాపు గొణిగినా, బస్తీ వదిలి ఇంత దూరం వచ్చి పడ్డారేమని చుట్టాలు అడిగినా ఆమె దగ్గర ఒకటే జవాబు: "గుట్ట మీద ఇల్లుంటే మూసీ రాదు."

1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఇల్లు. హైదరాబాదు దాన్ని వరద అనలేదు, తుగ్యానీ అంది. నానమ్మ నోట కూడా ఆ మాటే. ఆమె లెక్కలన్నీ దాని నుంచే మొదలయ్యేవి. తన పెళ్లి తుగ్యానీ అయిన ఐదేళ్లకు, బాపు పుట్టింది తుగ్యానీ అయిన ఇరవై రెండేళ్లకు. ఆ తుగ్యానీలో పదిహేను వేల మంది పోయారని అంచనా. పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగి, ఒకదాని నీళ్లు ఇంకోదాని మీద పడ్డాయని తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చారు. నానమ్మకు ఈ అంకెలేవీ తెలియవు. ఆమెకు గుర్తున్నది ఒక నులక మంచం. దాని మీద ఒక మేక నిలబడి ఉంది. వీళ్లంతా ఎక్కి కూర్చున్న మిద్దె పక్క నుంచి, మిద్దె ఎత్తున, ఆ మంచం తాపీగా సాగిపోయిందట. "అరవలేదు బిడ్డా. మమ్ములనే చూసుకుంట పోయింది." అది చెప్పినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నవ్వుకో ఏడుపుకో నాకు ఎప్పుడూ అంతు చిక్కలేదు.

ఇప్పటి ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది బతికారు. నానమ్మ వాళ్లలో లేదు. అయినా ఆ వైపు వెళ్తే లోపలికి పోయి చెట్టును ముట్టి, చెయ్యి కళ్లకద్దుకోకుండా వచ్చేది కాదు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అప్పుడు మూసీ ఒడ్డుకు వెళ్లి, పళ్లెంలో చీర, ముత్యాలు, కొబ్బరికాయ పెట్టి నదికి సమర్పించి శాంతించమని వేడుకున్నాడని నగరమంతా చెప్పుకునే కథ. నానమ్మ ఆ కథ నమ్మడమే కాదు, అందులో ఒక లోపం కూడా పట్టుకుంది. "రాజు ఒక్కసారి పెట్టి ఊకున్నడు. ఆడిబిడ్డకు ఒక్కసారి పెడితే అయిపోతదా? ఏటేట పెట్టొద్దా?"

అందుకని ఏటా తనే వెళ్లి పెట్టేది. మా గల్లీలోని ఎనిమిది పది మంది ఆడవాళ్లు ఆమె వెంట. పెట్టేది ఇక్కడ, చాదర్‌ఘాట్ దగ్గరో పురానాపూల్ దగ్గరో కాదు. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో, అనంత పద్మనాభస్వామి గుహ దగ్గర, మూసీ పుట్టేచోట. ఆమె మాటల్లో ‘మూసీ తల్లిగారిల్లు’.

బాపుకు ఇది పెద్ద వేళాకోళం. తుగ్యానీ మళ్లీ రాకుండా 1920లో మూసీ మీద గండిపేట కట్ట లేచింది. 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్. ఊరు ఆ గండిపేట నీళ్లే తాగేది. 1965లో మంజీరా నీళ్లు కూడా వచ్చి కలిసినా మా ఇంట్లో నల్లాలో వచ్చేవన్నీ గండిపేట నీళ్లే. అవి ఒకసారి తాగినవాడు హైదరాబాదు వదలడనే మాట ఊరికే పుట్టిందా! "అమ్మా, మూసీ పొద్దుగాల్నే మనింటికి వస్తున్నది గద, నల్లాల. దానికోసం నువ్వు రైలెక్కి పోవుడేంది?" అని బాపు అంటే నానమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అనేది: "నల్లాల వచ్చేది అత్తగారింట్ల చాకిరి చేసే పిల్లరా. తల్లిగారింట్ల దాని మొకమే వేరుంటది."

నన్ను తీసుకెళ్లింది 1970 కార్తీక పౌర్ణమికి. నాకు పదేళ్లు. అనంతగిరికి రెండు జాతరలు. ఆషాఢంలో తొలి ఏకాదశికి చిన్న జాతర, కార్తీకంలో పెద్ద జాతర. మావాళ్లది ఎప్పుడూ పెద్ద జాతరే, అప్పటికి వానలు వెనకబడి దారి ఆరి ఉంటుంది గనక.

ముందు రోజంతా ఒడిబియ్యం కలిపే హడావుడి. కూతురు తల్లిగారింటికి వస్తే ఒడిలో పోసే బియ్యమే, అదే కొలత, అదే పద్ధతి: పసుపు, నెయ్యి పట్టించిన బియ్యం, రెండు కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, ఒక రూపాయి బిళ్ల. పైన ఆకుపచ్చ రవికె ముక్క, డజను గాజులు. మా సద్ది వేరే మూటలో: జొన్నరొట్టెలు, పులిహోర, మామిడికాయ తొక్కు, మలీద ముద్దలు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇత్తడి మరచెంబు. ఆ రోజుల్లో ప్రయాణమంటే మరచెంబే. మూతకు మర ఉంటుంది, తిప్పితే బిగుసుకుంటుంది. మా దానికి మర అరిగిపోయింది. గుడ్డపీలిక చుట్టి మూత తిప్పాలి. పోయేటప్పుడు తాగే నీళ్లు, వచ్చేటప్పుడు మూసీ.

తెల్లవారుజామున నాలుగింటికి లాంతరు పట్టుకుని బయల్దేరాం. పంజాగుట్ట నుంచి గ్రీన్‌ల్యాండ్స్ మీదుగా బేగంపేట స్టేషన్ దాకా నడకే. నిండు చంద్రుడు మా వెనక బంజారాహిల్స్ బండరాళ్ల మీదికి దిగుతున్నాడు. మా నీడలు మాకన్నా ముందే స్టేషన్‌కు పోతున్నాయి. లాంతరు అక్కర్లేదని నేనంటే, మనుషులు పోతున్నారని అందరికీ తెలియొద్దా అంది ఒకామె.

రైలు పాసింజరు, బొగ్గింజను. ఆ దారి 1874లో వాడి దాకా వేసిన నిజాం రైలు దారి. ఎక్కిన ఊరికీ దిగే ఊరికీ ఒక చుట్టరికం ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బేగంపేట పాయెగా వంశపు కోడలైన నిజాం కూతురు బషీరున్నిసా బేగం పేరున వెలిసింది. వికారాబాద్ అదే పాయెగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా పేరున. ఫలక్‌నుమా ఆయన కట్టించిందే, బేగంపేటలో స్పానిష్ మసీదూ ఆయనదే. అంటే మా నానమ్మ ఒకే ఇంటి వాకిట్లో రైలెక్కి ఆ ఇంటి పెరట్లో దిగేదన్నమాట. చెప్పి ఉంటే మురిసిపోయేది.

సనత్‌నగర్, హఫీజ్‌పేట, లింగంపల్లి, నాగులపల్లి, శంకరపల్లి, చిట్టిగిద్ద. ప్రతిచోటా ఆగాల్సిందే. హఫీజ్‌పేట దాటితే ఊరన్నది లేదు, బండలు, జొన్నచేలు. ఇప్పుడు ఆ బండల మీద అద్దాల మేడలు లేచాయి. అప్పుడు వాటి సందుల్లో సీతాఫలం పొదలే. ఒక స్టేషన్‌లో గంపలకు గంపలు సీతాఫలాలు కిటికీల కిందికి వచ్చాయి. పండ్లు అమ్మినావిడ "ఎటు పోతుండ్రమ్మా" అంటే నానమ్మ "మా బిడ్డకు ఒడిబియ్యం పోసొద్దామని" అంది. ఆవిడ బిడ్డ పేరు అడగలేదు, "పిల్లలెంతమంది" అని అడిగింది. నానమ్మ రైలు కదిలేదాకా ఆలోచించి "ఊరంత" అని అరిచి చెప్పింది.

వికారాబాద్ నుంచి కొండకు ఆరేడు కిలోమీటర్లు. జాతర కాబట్టి టాంగాలు, ఎడ్లబండ్లు, ఆర్టీసీ బస్సులు అన్నీ ఉన్నాయి. నానమ్మను, ఇంకో ముసలామెను టాంగా ఎక్కించి మిగతావాళ్లం నడిచాం. టేకు చెట్లు, మోదుగలు, మలుపు తిరిగినప్పుడల్లా చలి ఒక అంచె పెరుగుతుంది. దారిలో క్షయ దవాఖాన వచ్చింది. ఆడవాళ్లు పిల్లల ముక్కులకు కొంగులు అడ్డం పెట్టారు. ఆ గాలి మంచిదనే అక్కడ ఆ దవాఖాన కట్టారు. ‘వికారాబాద్ కా హవా, లాఖ్ మరీజోం కీ దవా’ అని నగరంలో అందరి నోటా ఆడే మాట. మేము మాత్రం లక్ష మంది రోగులకు మందైన గాలిని పీల్చకుండా ముక్కులు మూసుకుని నడిచాం!

గుడికి పైనుంచి మెట్లు దిగి వెళ్లాలి. కొండ ఎక్కి దేవుణ్ణి చూడటం తెలిసినవాణ్ణి, దిగడం వింతగా అనిపించింది. నానమ్మకు అదేమీ వింత కాదు. మా బల్కంపేట ఎల్లమ్మ కూడా నేల మట్టానికి దిగువన, బావిలోనే కొలువై ఉంది. నీళ్లున్నచోటికి దేవుడే దిగి కూర్చుంటాడు, మనం దిగిపోవాలి, అంతే.

లోపలికి పోయేముందు పిల్లలందరినీ నిలబెట్టి ఆమె హెచ్చరిక చేసింది. లోపల నోరెత్తకూడదు. ఎందుకంటే లోపల ముచుకుందుడు పడుకున్నాడు. మాంధాత కొడుకు, దేవతల పక్షాన ఏళ్ల తరబడి యుద్ధం చేసి చేసి, వరం కోరుకోమంటే ఇంకేమీ వద్దు నిద్ర కావాలన్నవాడు. లేపినవాడు బూడిద అవుతాడు. కృష్ణుణ్ణి తరుముకుంటూ వచ్చిన కాలయవనుడు చీకట్లో కృష్ణుడే అనుకుని తన్ని లేపి, భస్మమైపోయాడు. ఇదంతా భాగవతం దశమ స్కంధంలో ఉన్నదే. ఆ రాజు పేరునే నది ముచుకుంద, జనం నోట మూసీ. అయితే నానమ్మ కథ భాగవతంతో ఆగేది కాదు. "తుగ్యానీ ఏడు ఎవడో మల్ల లేపిండు" అనేది. ఎవడన్నది ఆమెకు తెలుసన్నట్టే ఉండేది ఆ గొంతు.

గుహ నేను అనుకున్నంత పెద్దది కాదు. తల వంచాలి, పెద్దవాళ్లయితే నడుమే వంచాలి. కాళ్ల కింద బండ చల్లగా, నూనె జిడ్డుగా ఉంది. ఆముదం, తులసి, గబ్బిలాల వాసన ఒకటిగా కలిసిపోయింది. స్వామి సాలగ్రామ రూపమని చెప్పారు. నాకు దీపం వెలుగులో తడిసిన రాయి, దాని మీద పసుపు, పువ్వులు కనిపించాయి. మార్కండేయుడు ఇక్కడ తపస్సు చేశాడని, ఈ గుహ నుంచి కాశీకి దారి ఉందని పూజారి చెబుతున్నారు. అంతలో పై బండ నుంచి ఒక చుక్క నా మెడ మీద పడింది. కెవ్వుమనబోయి, బూడిద గుర్తొచ్చి, రెండు చేతులతో నోరు మూసుకున్నాను. నానమ్మ నా మెడ తడిమి, ఆ తడిని తన కళ్లకద్దుకుని, నా చెవిలో అంది: "గిదే."

బయటికొచ్చాక గుండంలో స్నానాలు. ఆ నవంబరు చలిలో ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ, ముందు నువ్వంటే ముందు నువ్వంటూ, చిన్నపిల్లలైపోయారు. ఇళ్లల్లో వాళ్లు అట్లా నవ్వగా నేను ఎప్పుడూ చూడలేదు. తల్లిగారింటికొచ్చింది మూసీ ఒక్కతే కాదని ఇప్పుడనిపిస్తోంది. ఎనిమిది తొమ్మిది మంది ఆడవాళ్లు, మగవాళ్ల అజమాయిషీ లేకుండా, ఒక పొద్దంతా. వాళ్లకు ఇంకే సాకు దొరుకుతుంది?

గుండం దిగువన రాళ్ల మధ్య ఒక పాయ పారుతోంది. పాయ అనడం కూడా ఎక్కువే. నా అరచేయి వెడల్పు. నానమ్మ దాని పక్కన గొంతుకూర్చుని, మోదుగ ఆకుల విస్తరిలో ఒడిబియ్యం పోసి, రవికె ముక్క తడిపి రాతి మీద పరిచి, గాలికి పోకుండా గాజులు దాని మీద పెట్టింది. పసుపు కుంకుమ నీళ్లలో వేస్తే కొంచెం దూరం ఎర్రగా పాకి మాయమైంది. ఆమె ఏదో మాట్లాడుతోంది. మంత్రం కాదు, మాటలే. ఇంటి మాటలు. నేను ఆ లోపల చెప్పు విడిచిన కాలి బొటనవేలు పాయకు అడ్డం పెట్టాను. మూసీ ఆగిపోయింది. నులక మంచాన్ని మేకతో సహా మోసుకుపోయిన నది నా వేలి వెనక ఉబ్బుతూ, పక్కదారి వెతుక్కుంటూ నిలబడింది. నానమ్మ చూసి నా తొడ మీద ఛెళ్లున ఒకటి వేసింది. "ఆపకు! ఆపితేనే గద గట్లయింది."

మేము మెట్ల దాకా రాకముందే జాతరకొచ్చిన ఎవరో పిల్లవాడు రూపాయి బిళ్ల తీసుకుని పరుగెత్తాడు. నేను అరిచాను. నానమ్మ వెనక్కి చూడనైనా చూడలేదు. "తల్లిగారింట్ల తమ్ముళ్లుండరా? తీసుకోనీ."

అక్కడికి కొంచెం దూరంలో బుగ్గ రామలింగేశ్వరుడి దగ్గర ఎప్పుడూ ఆగని ఊట ఉంది. మూసీ అసలు పుట్టుక అదేనని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ మాట ఎవరైనా ఎత్తితే నానమ్మకు కోపం రాదు. "చిన్నమ్మ ఇల్లు" అని తేల్చేసేది.

తిరుగు రైల్లో మరచెంబు నా ఒడిలో పెట్టారు. "నది నీ ఒడిల ఉన్నది, పైలం" అని చెప్పి నానమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. అందరూ నిద్రపోయారు. చెంబు ముంచినప్పుడు అందులోకి ఒక చిన్న నల్లటి తోకకప్ప పోవడం నేను చూశాను. దానికి గాలి ఆడుతుందా? శంకరపల్లి దాకా ఓర్చుకున్నాను. నాగులపల్లి దాటాక మూత తిప్పాను. గుడ్డపీలిక ఊడి చేతికొచ్చింది, అదే క్షణాన బండి ఒక్క కుదుపు కుదిపింది. మూసీ నా లాగు తడిపి, సీటు తడిపి, సందుల్లోంచి రైలు కిందికి కారిపోయింది. తోకకప్ప కూడా. చెంబు అడుగున రెండు గుక్కల నీళ్లు, కాస్త ఇసుక.

లాగు తడిసినందుకు ఏమని చెప్పానో చెప్పను. పదేళ్లవాడికి అది చిన్న అవమానం కాదు. కానీ పెద్ద నేరం అట్లా కప్పుకుంది. బేగంపేటలో దిగి మూటలు లెక్కపెట్టుకునే గొడవలో వాళ్లుండగా, ప్లాట్‌ఫారం చివర నల్లా కింద చెంబు పెట్టి నింపి, పీలిక చుట్టి, మూత బిగించాను.

మర్నాడు పొద్దున నానమ్మ ఆ నీళ్లు మా పెరటి బావిలో పోసింది. పోసేముందు గల్లీలో ఇంటికో ఉద్ధరిణెడు పంచింది. ఏడాది పొడుగునా బావికి అదే రక్ష. నాకూ దోసిట్లో పోసింది. తాగాను. రోజూ బళ్లో తాగే నీళ్ల రుచే. "ఎట్లున్నయిరా?" అంది. "తియ్యగున్నయి" అన్నాను.

ఆమె 1978లో పోయింది. తర్వాత రెండేళ్లు మిగిలిన ఆడవాళ్లు వెళ్లొచ్చారు. ఆ పైన ఒకరి మోకాళ్లు, ఒకరి కోడలి కాన్పు, ఇంకొకరు కూకట్‌పల్లిలో ఇల్లు కొనుక్కుని పోవడం. ఎవరూ మానేద్దామనుకుని మానలేదు. బావి ఎండింది, బోరు పడింది, బావిని రాళ్లూ రప్పలూ పోసి పూడ్చారు, దాని మీదే ఇప్పుడు మా అపార్ట్‌మెంటు సెల్లారు. నా కారు నిలిపేది సుమారుగా బావి గిలక ఉన్నచోటే. నల్లాలోకి నాగార్జునసాగర్ నుంచి కృష్ణ వచ్చింది, తర్వాత ఎల్లంపల్లి నుంచి గోదావరి వచ్చింది. మూసీ చివరకు పోయి కృష్ణలోనే కలుస్తుంది గదా అని ఒకసారి సంబరపడ్డాను. మ్యాపు చూస్తే ఆ కలయిక వాడపల్లి దగ్గర, సాగర్‌కు దిగువన. అంటే ఆ దారిన కూడా మూసీ మా ఇంటికి రాదు. నా మనవరాలిని ఇంట్లో నీళ్లెక్కడివని అడిగితే వంటింట్లో ఫిల్టరు చూపించింది. దాని తప్పేముంది? మా చిన్నప్పుడు నీళ్లకు పేరుండేది, గండిపేట నీళ్లు, మంజీరా నీళ్లు, బావి నీళ్లు. ఇప్పుడు నీళ్లకు వచ్చే వేళ ఒక్కటే ఉంది.

2020 అక్టోబరు వానలకు పంజాగుట్ట చౌరస్తాలో మోకాటి లోతు నీళ్లు నిలిచినప్పుడు మూడో అంతస్తు బాల్కనీలోంచి చూస్తూ నానమ్మను తలుచుకున్నాను. ఆమె మాట పొల్లుపోలేదు, మూసీ గుట్ట మీదికి రాలేదు. గుట్ట మీద కురిసిందే నాలాల్లోంచి హుస్సేన్‌సాగర్‌కు, అక్కణ్ణుంచి మూసీకి పోవడానికి దారి దొరక్క నిలబడింది. అడ్డం పెట్టిన బొటనవేళ్లు అన్ని ఉన్నాయి మరి.

కిందటేడు కారులో అనంతగిరి వెళ్లొచ్చాం. రెండు గంటలు కూడా పట్టలేదు. ఘాట్ రోడ్డు పొడుగునా బైకులు, మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్లు, రిసార్టుల బోర్డులు. అక్కడికి దగ్గర్లోనే దామగుండం అడవిలో నేవీ వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరులో పునాది వేశారు. చెట్లు పోతే మూసీ ఊటలేం కావాలని ఊళ్లవాళ్లు కొట్లాడారు. గుహ మాత్రం అంతే ఎత్తుంది. ఈసారి నేను కూడా నడుం వంచాల్సి వచ్చింది. లోపల ఎవరో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నారు. నేను అలవాటుగా కంగారు పడ్డాను.

ఆ చెంబు సంగతి నానమ్మకు చెప్పలేదు. బాపుకు చెప్పాను, చాలా ఆలస్యంగా, ఆయన డెబ్బై తొమ్మిదో ఏట, మంచం పట్టిన రోజుల్లో. ఏదో పొద్దుపోవడానికి పాత మాటలు తీస్తూ, మూసీని నాగులపల్లి దగ్గర ఒలకబోసి బేగంపేట నల్లా నీళ్లు పట్టి తెచ్చానని. ఆయన చాలాసేపు పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. బాధపడ్డారేమో అనుకున్నాను. చూస్తే పొట్ట కదులుతోంది, నవ్వు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు తగ్గాక చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు.

"నీది నయంరా. గండిపేట నీళ్లన్న తెచ్చినవ్. నేను తెచ్చింది లింగంపల్లి స్టేషన్ బాయి నీళ్లు. రెండుసార్లు."